జగిత్యాల ఎస్ సార్

ఒక మనిషి నోటి నుంచి వచ్చిన ఒకే మాటను పట్టుకుని రెండు పెద్ద దేశాలవాళ్లు ఒకరినొకరు దోషులుగా నిలబెట్టుకున్న సంగతి చెబుతాను. ఆ మాట "ఎస్ సార్". ఆ మనిషి జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఏసీలకు చల్లటి నీళ్లు పంపే చిల్లర్ ప్లాంట్‌లో ఆపరేటరు అయినవాడు. ఆ దేశాలు అమెరికా, ఫ్రాన్స్. జరిగిన చోటు రియాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి నేలమాళిగ. ఇరాక్ మీద అమెరికా రెండోసారి యుద్ధానికి దిగిన రోజులవి.

నేను ఆ ఆసుపత్రి మెయింటెనెన్స్ ఆఫీసులో కోఆర్డినేటరుని. పేరు గొప్పది కానీ పని మాటలు మోయడమే. పైనున్నవాళ్ల ఇంగ్లీషును కింద తెలుగులోకి, హిందీలోకి దించాలి. కింది మాటను పైకి ఎక్కించాలి. రిటైరై ఇంటికి వచ్చాక గల్ఫులో ఏం సంపాదించావని చాలామంది అడిగారు. వాళ్లకు చెప్పని జవాబు ఇది. విమానం ఎక్కబోయే పిల్లలూ, ఇప్పటికే ఎక్కి అక్కడి ఆఫీసుల్లో కుర్చీలు సంపాదించిన పిల్లలూ చదవాలని రాస్తున్నాను.

నేను పెరిగింది కృష్ణా తీరంలో ఒక చిన్న పట్టణం. అక్కడ గ్రంథాలయం వరండాలో వారం వారం చర్చా సభలు జరిగేవి. దేవుడు, కులం, జాతకం, వితంతు వివాహం, ఏదీ మినహాయింపు కాదు. సభ నడిపే మాస్టారు ఎవరు ఏం చెప్పినా ఒకటే ప్రశ్న వేసేవాడు. "నీకెలా తెలిసింది?" పెద్దలు చెప్పారంటే కూర్చోమనేవాడు. పుస్తకంలో ఉందంటే ఆ పుస్తకం రాసినవాడికి ఎలా తెలిసిందని అడిగేవాడు. నేను ఆ వరండాలో నేర్చుకున్న చదువు తర్వాత ఏ కాలేజీలోనూ దొరకలేదు.

అక్కడే మొదటిసారి గమనించిన సంగతి ఒకటుంది. మన భాషలో "జాతి" అనే మాట కులానికీ, దేశ ప్రజలకూ, పశువులకూ, మామిడిపళ్లకూ ఒక్కటే. "వాళ్ల జాతే అంత" అని మనవాళ్లు ఎంత సులువుగా అనేస్తారో మీకు తెలుసు. ఆ మాట మన గడ్డ మీదే పుట్టిందని, తెల్లవాళ్లు చదువుకున్నవాళ్లని, వాళ్లలో ఈ పిచ్చి ఉండదని మా పట్టణంలో చాలామంది నమ్మేవారు. సౌదీ ఆ భ్రమ వదిలించింది.

మొదటి గల్ఫ్ యుద్ధంలో నేను సౌదీ ఉత్తర సరిహద్దు దగ్గర హఫర్ అల్ బాతిన్‌లో ఉన్నాను. సైనిక శిబిరాలకు నీళ్ల ట్యాంకర్లు తిప్పే కంపెనీలో టైమ్‌కీపరుని. అప్పుడు అమెరికన్ సైనికులు, ఫ్రెంచి సైనికులు ఒకే పక్షం. మా ట్యాంకర్ల దగ్గర లైన్లో నిలబడి తిండి మార్చుకునేవారు. అమెరికన్ తన పొట్లం ఇచ్చి ఫ్రెంచివాడి డబ్బా తీసుకుని, ఏదో గెలిచినట్టు వెళ్లేవాడు. వాళ్లు మంచి సైనికులని వీళ్లు, వీళ్లు దిలాసా మనుషులని వాళ్లు. పన్నెండేళ్లు గడిచాయి. ఈసారి ఫ్రాన్స్ యుద్ధానికి రానంది. అంతే. రియాద్‌లో మా అమెరికన్లకు ఫ్రెంచివాళ్లు పుట్టు పిరికివాళ్లయిపోయారు. మా ఫ్రెంచివాళ్లకు అమెరికన్లు పుట్టు మొరటువాళ్లయిపోయారు. పుట్టుకతో వచ్చే గుణమే అయితే పన్నెండేళ్లలో ఎలా మారింది? ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు.

ఆసుపత్రి నిర్వహణ కాంట్రాక్టు ఒక అమెరికన్ కంపెనీది. అందులో చల్లదనం ఇచ్చే పెద్ద మిషన్లు, అంటే చిల్లర్లు, ఒక ఫ్రెంచి కంపెనీవి. మా ప్రాజెక్ట్ మేనేజరు టెక్సాస్ మనిషి. పొడవు, పెద్ద గొంతు, కార్మికుడికి జ్వరమొస్తే తన కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాడు. చిల్లర్ల ఇంజనీరు ఫ్రెంచివాడు. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. మిషన్ దగ్గర చెవి ఆనించి డాక్టరులా వినేవాడు. ఇద్దరూ మంచివాళ్లే. మంచివాళ్లకు ఈ జబ్బు రాదని ఎవరైనా అంటే నమ్మకండి.

"ఫ్రెంచి చిల్లర్ కదా, కాస్త వేడి తగిలితే చేతులెత్తేస్తుంది" అనేవాడు మేనేజరు.

"అమెరికన్ మాన్యువల్ చదవడు. మిషన్ పేలాక కొత్తది ఆర్డరు పెడతాడు" అనేవాడు ఇంజనీరు.

మొదట్లో నవ్వుకుంటూ అనుకున్నవే. యుద్ధం మొదలయ్యాక నవ్వు తగ్గిపోయి మాటలు మిగిలాయి. క్యాంటీన్ బోర్డు మీద ఎవడో ఒకడు ఫ్రెంచ్ ఫ్రైస్ అన్నచోట "ఫ్రెంచ్" మీద గీత కొట్టాడు. వంటవాడు ఆ గీత చూసి, ఆ వంటకం రద్దయిందనుకుని బంగాళదుంపలు వేయించడం మానేశాడు. ఆ మధ్యాహ్నం అమెరికన్లూ ఫ్రెంచివాళ్లూ కలిసి వంటింటి మీదికి వెళ్లారు. యుద్ధం మొదలయ్యాక వాళ్లు మొదటిసారి ఒక్కమాట మీద నిలబడింది ఆ దుంపల దగ్గరే.

కార్మికులం ఉండే మా క్యాంపు మాత్రం తక్కువ తిన్నదా? మలయాళీలు ఇంతే, పాకిస్తానీలు ఇంతే, ఆంధ్రోళ్లు ఇంతే, తెలంగాణోళ్లు ఇంతే అని మంచం మంచానికీ ఒక సిద్ధాంతం ఉండేది. నేను వాదిస్తూనే ఉండేవాణ్ణి. "సాబ్ మళ్లీ సభ పెట్టిండు" అని మా స్టోర్‌కీపరు వెక్కిరించేవాడు. ఆయన హైదరాబాదు ముస్లిం, పాతబస్తీ మనిషి. మాటకు ముందు నవ్వు వచ్చేది. జగిత్యాల ఆపరేటరుతో ఒకే గదిలో ఉండేవాడు, ఒకే పళ్లెంలో తినేవాడు.

ఇక ఆపరేటరు సంగతి. మట్టి పనికి హెల్పరుగా వచ్చినవాడు, ప్లాంటులో తుడిచే పనికి మారి, చూసి చూసి పని నేర్చుకుని ఆపరేటరు అయ్యాడు. వాళ్ల వాడకట్టు నుంచి ఆ పని దాకా వచ్చినవాడు ఇంకొకడు లేడు. మాట తక్కువ. ఇంగ్లీషు పనికి సరిపోయేంత.

ఒక రోజు పెద్ద ఇసుక తుపాను లేచింది. పట్టపగలే ఆకాశం ఎర్రబడి, వీధి దీపాలు వెలిగాయి. అలాంటి రోజున మధ్యాహ్నం ఆపరేషన్ థియేటర్లు వేడెక్కాయి. చల్లటి నీళ్లు థియేటర్ల వైపు పోవాలి. దారిలో బైపాస్ వాల్వు అని ఒకటుంటుంది. అది తెరుచుకుంటే నీళ్లు పైకి పోకుండా దగ్గరిదారిన వెనక్కి తిరిగివస్తాయి. ఆ రోజు అది తెరుచుకుని ఉంది. ఆపరేటరు చూసి మూసేలోపు థియేటర్లలో చెమటలు పట్టాయి. రోగులకు ఏమీ కాలేదు. కానీ ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆసుపత్రి సౌదీ డైరెక్టరు, మర్యాదస్థుడే కానీ మాట ఖండితం, మేనేజరునూ ఇంజనీరునూ పిలిచి అడిగాడు. వాల్వు ఎవరు తెరిచారు? జవాబు చెప్పకపోతే కాంట్రాక్టు సంగతి చూస్తానన్నాడు.

ఆ రోజు నేను పాస్‌పోర్టుల పని మీద బయట ఉన్నాను. అందుకే మాట మోసేవాడు లేకుండా మాటలు జరిగిపోయాయి.

మేనేజరు ప్లాంటులోకి దిగి ఆపరేటరును అడిగాడు. "యూ డిడ్ నాట్ ఓపెన్ దట్ వాల్వ్?" నువ్వు ఆ వాల్వు తెరవలేదా?

"ఎస్ సార్."

"ద ఫ్రెంచ్ గై డిడ్ నాట్ టెల్ యూ టు ఓపెన్ ఇట్?" ఆ ఫ్రెంచివాడు తెరవమని చెప్పలేదా?

"ఎస్ సార్."

మేనేజరు పైకి వెళ్లాడు. కాసేపటికి ఫ్రెంచి ఇంజనీరు దిగాడు. నువ్వు వాల్వు ముట్టుకోలేదా? ఎస్ సార్. మీ మేనేజరు తెరవమని చెప్పలేదా? ఎస్ సార్. ఇంజనీరూ పైకి వెళ్లాడు.

సాయంత్రానికి డైరెక్టరుకు రెండు కబుర్లు అందాయి. ఫ్రెంచి ఇంజనీరు చెబితే ఆపరేటరు తెరిచాడు, ఆపరేటరే ఒప్పుకున్నాడు అని మేనేజరు. అమెరికన్ మేనేజరు చెబితే ఆపరేటరు తెరిచాడు, ఆపరేటరే ఒప్పుకున్నాడు అని ఇంజనీరు. ఇద్దరికీ సాక్షి ఒక్కడే. డైరెక్టరు ఎల్లుండి అందరూ నా గదికి రండి, ఆ సాక్షిని కూడా తీసుకురండి అన్నాడు.

మర్నాడు పొద్దున మేనేజరు ఆపరేటరును పిలిచి భుజం తట్టాడు. భయపడకు, నీ తప్పేం లేదు, నిన్న నాతో చెప్పిందే డైరెక్టరు ముందు చెప్పు అన్నాడు. ఆపరేటరు తెల్లబోయి, "నో సార్. ఐ నో ఓపెన్. హీ నో టెల్" అన్నాడు. మేనేజరు మొహం మాడిపోయింది. నిన్న ఎస్, ఇవాళ నో. ఇంజనీరు దగ్గరా అదే కథ. ఇద్దరూ వేర్వేరుగా నా దగ్గరికి వచ్చి దాదాపు ఒకే మాట అన్నారు. "మీ ఇండియన్లు ఎవరేం అడిగినా ఎస్ అంటారు. తర్వాత మాట మారుస్తారు." ఒకరి జాతి మీద ఒకరు రాళ్లు వేసుకుంటున్నవాళ్లు మా జాతి మీద మాత్రం వెంటనే ఏకమయ్యారు. దుంపల తర్వాత ఇది రెండోసారి.

మేనేజరు ఇంకో మాట కూడా అన్నాడు. "అతనికి చెప్పు. మొదట చెప్పిన మాట మీద నిలబడితే ఉద్యోగం ఉంటుంది. మాట మారిస్తే ఫైనల్ ఎగ్జిట్. నాకు వేరే దారి లేదు."

ఎగ్జిట్ అంటే ఇంటికి పంపించేయడం. మళ్లీ రావాలంటే మళ్లీ హెల్పరు.

ఇలాంటివి గోడలు దాటడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యాహ్నానికి క్యాంపులో అతనికి పేరు పడింది. డబల్ ఎస్.

"ఏం డబల్ ఎస్, ఇవాళ ఏ దేశం తరఫున?" అని ఒకడు.

"మా గదిలో ఫ్యాను ఆగింది. మాకూ ఒక ఎస్ ఇయ్యి" అని ఇంకొకడు.

భోజనం వేళకు నేను వాళ్ల గదికి వెళ్లాను. ఆపరేటరు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. స్టోర్‌కీపరు కుక్కర్ దించుతూ ఉపన్యాసం ఇస్తున్నాడు.

"అరే, ఇందులో సోచాయించేది ఏముంది మియా? అమెరికా సైడు పట్టుకో. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఎవరి చేతిలో ఉంది? వాళ్ల చేతిలో. ఫ్రాన్సోడు నీకేమైనా చుట్టమా? ఓ మాట అనేసెయ్, ఖతం."

"జెయ్యని పని జేసిన అని ఎట్లంటనే?" అన్నాడు ఆపరేటరు.

"నోటితో అంటావు. ఎట్లంటావేంది!"

ఆపరేటరు నా వైపు తిరిగాడు. "అన్నా, ఇద్దరు గూడ నన్ను కాపాడుతమంటున్నరు. గా ఫ్రాన్సు సారు ఎన్నడు నన్ను అరేయ్ అనలె. మేనేజరు సారు నాకు జరమొస్తె దవాఖానకు తోల్కపొయ్యిండు. ఎవరి మీద జెప్పాలె నేను? పోతె పోయింది నౌకరి. ఇంటికాడ నాకు రెండు చేతులు లెవ్వా? గని ఒకటి సమజైత లేదన్నా. నేను ముందుగాల్ల గూడ తెర్వలేదనే జెప్పిన. వీళ్లకు ఎట్ల ఇనపడ్డది?"

"ఎస్ అన్నావట కదా?"

"ఆఁ, ఎస్ అన్న. తెర్వలేదా అంటె ఎస్ అన్న."

వెలగలేదు. వాదనలో పండిపోయానని అనుకునే నాకు ఆ క్షణాన వెలగలేదు. స్టోర్‌కీపరు పళ్లెం కడుక్కుంటూ ఇటు తిరిగి అడిగాడు. "పొద్దట్నుంచి ఏం తినలేదా నువ్వు?"

"ఆఁ" అన్నాడు ఆపరేటరు.

స్టోర్‌కీపరు ఇంకో మాట అడగకుండా పళ్లెం నిండా అన్నం పెట్టి అతని ముందు తోశాడు.

నేను లేచి నిలబడ్డాను. "భాయ్, ఒక్క నిమిషం. తినలేదా అని నువ్వు అడిగావు. అతను ఆఁ అన్నాడు. మరి అన్నం ఎందుకు పెట్టావు?"

"క్యా సాబ్, మీకు గూడ ఏమైంది? తినలేదన్నాడు, పెట్టిన."

"తినలేదని అతను అనలేదు. ఆఁ అన్నాడు."

"హౌ, అదే కదా! ఆఁ అంటే తినలేదనే."

అదీ సంగతి. మన భాషలో లేదా అని అడిగితే అవును అనేది అడిగినవాడి మాటకు. నువ్వన్నది నిజం, నేను తినలేదు. ఇంగ్లీషువాడి ఎస్ మాటకు కాదు, పనికి. ఎస్ అంటే తిన్నాను. తినకపోతే అడిగినవాడు ఎలా అడిగినా నో అనాలి. జగిత్యాల మనిషి జీవితమంతా నిజాయితీగా చెప్పినట్టే ఆ రోజూ నిజం చెప్పాడు. తెలుగు నిజాన్ని ఇంగ్లీషు మాటలో పెట్టి చెప్పాడు. అది విన్నవాళ్లకు అబద్ధంగా చేరింది.

అయితే ఇంతమాత్రానికే మోసం జరగదు. ఆ రెండు చెవులకూ ఆ ఎస్ ఇష్టమైంది. ఫ్రెంచివాడు చెప్పలేదా అని అడిగినప్పుడు మేనేజరు వినదలచుకున్నది ఎస్. అమెరికన్ చెప్పలేదా అని అడిగినప్పుడు ఇంజనీరు వినదలచుకున్నదీ ఎస్. ఆశపడ్డ మాట వినబడితే మనిషి రెండోసారి అడగడు. వేరే జవాబు వచ్చి ఉంటే ఇద్దరూ ఇంకో పది ప్రశ్నలు అడిగేవారు. పిల్లలూ, మూఢనమ్మకం అంటే దిష్టిబొమ్మలూ తాయెత్తులూ అనే అనుకోకండి. రెండోసారి అడగకపోవడమే మూఢనమ్మకం.

డైరెక్టరు గదిలో అందరికీ గావా పోశారు. అరబ్బుల ఆ చేదు కాఫీ చిన్న కప్పుల్లో పొగలు కక్కుతోంది. ఎవరూ ముట్టలేదు. మేనేజరు, ఇంజనీరు చెరో వైపు. ఆపరేటరు తలుపు దగ్గర నిలబడితే డైరెక్టరే కూర్చోమన్నాడు. అతని ముందూ ఒక కప్పు పెట్టించాడు.

నేను డైరెక్టరును అడిగాను. "అతన్ని ప్రశ్నించేముందు ముగ్గురినీ నేనొక ప్రశ్న అడగవచ్చా?"

"నువ్విక్కడ అనువాదం చేయడానికి ఉన్నావు" అన్నాడు మేనేజరు.

"అదే చేస్తున్నాను సార్. ఇంతవరకు ఎవరూ చేయలేదు."

డైరెక్టరు చెయ్యి ఊపాడు, అడగమని.

మేనేజరు వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాను. "మీరు గావా తాగలేదా?"

"నో" అన్నాడు విసుగ్గా.

"మీరు తాగలేదా?" అని ఇంజనీరును.

"నో."

అదే ఇంగ్లీషు, అవే మాటలతో ఆపరేటరును అడిగాను. "నువ్వు గావా తాగలేదా?"

"ఎస్ సార్" అన్నాడు.

అందరూ అతని కప్పు వైపు చూశారు. అంచుదాకా నిండుగా ఉంది.

ముందు నవ్వింది డైరెక్టరు. ఆ మనిషి నవ్వగా నేను ముందెన్నడూ చూడలేదు. "నఅమ్, బలా!" అన్నాడు. "చిన్నప్పుడు మా వ్యాకరణం మాస్టారు ఈ రెండింటి కోసమే మా చెవులు మెలిపెట్టేవాడు. తాగలేదా అంటే నఅమ్, అవును, అన్నావా, తాగలేదని అర్థం. తాగి ఉంటే బలా అనాలి. దానికి వేరే మాటే ఉంది మాకు."

ఫ్రెంచి ఇంజనీరు కుర్చీలో ముందుకు జరిగాడు. "మాకూ ఉంది! సీ అంటాం. లేదా అని అడిగినప్పుడు ఉందని చెప్పాలంటే మామూలుగా అవుననే వూయ్ అనం, సీ అంటాం." ఇద్దరూ ఏదో చుట్టరికం బయటపడ్డట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

మేనేజరు ఇద్దరినీ చూసి, "అంటే ఆ మాట లేనిది నాకొక్కడికేనా?" అన్నాడు. తర్వాత ఆపరేటరు వైపు తిరిగాడు. "మరి మీ భాషలో తాగి ఉంటే ఏమంటారు?"

నేను అడిగి చెప్పాను. ఆపరేటరు జవాబు ఇది. "తాగిన అంటం సార్. ఇంకేమంటం?"

ఈసారి మేనేజరు కూడా నవ్వాడు. కానీ ఊరికే వదిలే మనిషి కాదు. "సరే. కానీ ఇప్పుడు తనకు పనికొచ్చే అర్థాన్ని అతను తీసుకుంటున్నాడని ఎందుకనుకోకూడదు?"

ఆ ప్రశ్నకు నేను ఆయన్ని గౌరవించాను. మా వరండాలో అడగవలసిన ప్రశ్నే. "అనుకోవచ్చు సార్. అందుకే నా మాట నమ్మకండి. లేదా అనే ముక్క తీసేసి, మీరే మళ్లీ అడగండి" అన్నాను.

డైరెక్టరే అడిగాడు. వాల్వు ఎవరు తెరిచారు?

"నాకు తెల్వది సార్. నేను జూసేసరికి తెర్చే ఉన్నది. నేను మూసిన."

తెరవమని ఎవరు చెప్పారు?

"ఎవ్వరు జెప్పలె."

మేనేజరు నెమ్మదిగా అన్నాడు. "నిన్న నీకొక దారి చూపించాను. ఇంజనీరు పేరు చెబితే ఉద్యోగం ఉండేది. ఎందుకు చెప్పలేదు?"

ఆపరేటరు నా వైపు కాకుండా నేరుగా ఆయన వైపు చూసి తెలుగులోనే చెప్పాడు. "మీ పేరు చెప్పుమని ఆ సారు గూడ దారి జూపిండు సార్. ఆ దారిల నేను మీకు పనికొస్త, మీరు నాకు పనికొస్తరు. మరి వాల్వు సంగతి ఎవలు జూస్తరు? రేపు మల్ల తెర్చుకుంటది."

నేను దాన్ని ఇంగ్లీషులోకి మోశాను. ఇంజనీరు జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద తడుతూ కూర్చున్నాడు. కాసేపటికి తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "ఎవరూ తెరవకపోతే స్ప్రింగు తెరవాలి. స్ప్రింగు తెరవాలంటే గాలి తగ్గాలి." అని మేనేజరు మొహం చూశాడు. మేనేజరు అప్పటికే లేచాడు.

ఆ వాల్వును చేత్తో తిప్పే చక్రం ఉంది. అందుకే అందరి బుర్రా చేతుల మీదికే పోయింది. మామూలుగా దాన్ని మూసి ఉంచేది మాత్రం కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఒత్తిడి. ఆ ఒత్తిడి తగ్గితే లోపలి స్ప్రింగు దానంతటదే తెరుస్తుంది. కంప్రెసర్ పెరట్లో రేకుల షెడ్డులో ఉంది. ఇద్దరూ కోట్లు విప్పి మోకాళ్ల మీద కూర్చుని దాని గాలి ఫిల్టరు విప్పారు. లోపల ఇసుక ఇటుకలా గట్టిపడి ఉంది. తుపాను రోజున మిషన్‌కు ఊపిరాడలేదు.

"దీన్ని శుభ్రం చేయవలసింది మీ కంపెనీ" అన్నాడు మేనేజరు.

"కాదు. షెడ్డు మీది" అన్నాడు ఇంజనీరు.

ఇద్దరూ ఆగిపోయారు. షెడ్డు అమెరికన్లది కనుక వాళ్లే చూస్తారని ఫ్రెంచివాళ్లు, లోపలి మిషన్ ఫ్రెంచివాళ్లది కనుక వాళ్లే చూస్తారని అమెరికన్లు అనుకున్నారు. ఆ ఫిల్టరును ఎవరూ ముట్టలేదు. రెండు దేశాల మధ్య ఉన్న సముద్రమంతా ఆ చిన్న రేకుల షెడ్డులో పట్టింది. పిరికితనమూ, మొరటుతనమూ, అబద్ధాలకోరుతనమూ వెతికినవాళ్లకు దొరికింది పిడికెడు మట్టి.

డైరెక్టరు ఫిల్టరు చూసి ఇక మీదట ఎవరు శుభ్రం చేయాలో అక్కడికక్కడే తేల్చి వెళ్లిపోయాడు. మేనేజరు చేతులు దులుపుకుని నాతో అన్నాడు. "అతన్ని షిఫ్టుకు వెళ్లమను. ఎగ్జిట్ మాట మర్చిపొమ్మను. అయిపోయింది."

చెప్పాను. ఆపరేటరు కదల్లేదు.

"అయిపోలేదన్నా" అన్నాడు.

"ఇంకేమిటి?"

"నన్ను అబద్ధాలోడన్నరు. నలుగుట్ల అన్నరు. క్యాంపంత డబల్ ఎస్ అని నవ్వుతున్నరు. నౌకరి వాపసిచ్చిన్రు, మంచిదే. గా మాట గూడ వాపసు తీస్కోవాలె. గది గూడ నలుగుట్లనే."

యుద్ధం జరుగుతోంది. టీవీలో బాగ్దాదు తగలబడుతోంది. అమెరికా అంటేనే లోకం ఒళ్లు దగ్గర పెట్టుకుంటున్న రోజుల్లో, ఒక చిల్లర్ ఆపరేటరు ఒక అమెరికన్ మేనేజరును అందరి ముందూ మాట వెనక్కి తీసుకోమంటున్నాడు. దాన్ని మెత్తగా చేసి చెప్పవచ్చు. మాట మోసేవాడికి ఆ వీలు ఎప్పుడూ ఉంటుంది. దారిలో కొంచెం ఒలికించేస్తే చాలు. నేను ఒలకనివ్వలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

మేనేజరు హెడ్డాఫీసు, పద్ధతి అని ఏదో మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. ఇంజనీరు మసి అంటిన ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ, "నేను వస్తాను. నేనూ అన్నాను కదా" అన్నాడు.

మేనేజరు ఆయన వైపు చూశాడు. "ఫ్రెంచివాణ్ణి నాకన్నా ముందు ముందుకు పోనిస్తానా?" అన్నాడు. ఈసారి అందులో నవ్వు తిరిగి వచ్చింది.

సాయంత్రం షిఫ్టు మారే వేళ రెండు షిఫ్టులవాళ్లూ ప్లాంటులో గుమిగూడారు. తెలుగువాళ్లు, మలయాళీలు, పాకిస్తానీలు, ఫిలిప్పీన్స్‌వాళ్లు. స్టోర్‌కీపరు తన స్టోరుకు తాళం వేసి మరీ వచ్చాడు. పంపులు నడుస్తున్నాయి. ఆపడానికి వీల్లేదు, పైన ఆసుపత్రి ఉంది. మేనేజరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంజనీరు పక్కన నిలబడ్డాడు.

"ఈ మనిషి అబద్ధం చెప్పాడని మేమిద్దరం అన్నాం" అన్నాడు మేనేజరు. "అతను చెప్పలేదు. అతను చెప్పింది మేం వినలేదు. వినాలనుకున్నది విన్నాం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాం."

నేను తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇదేమైనా సినిమానా? ముందురోజు ఫ్యానుకు ఎస్ అడిగినవాడు నేల చూపులు చూశాడు. స్టోర్‌కీపరు మాత్రం "హౌ" అన్నాడు గట్టిగా, ఔనని.

తర్వాతి సంవత్సరాల్లో నేను చాలా సభల్లో మాట్లాడాను. కులం మీద, జాతి మీద, పుట్టుకతో గుణం వస్తుందనే తప్పుడు శాస్త్రం మీద గొంతు బొంగురుపోయేలా వాదించాను. ఆ నేలమాళిగలో జరిగిన సభకు సాటి వచ్చేది ఒక్కటీ లేదు. దానికి అధ్యక్షుడు లేడు, వేదిక లేదు. మైకు నేనే. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వపడే రోజు ఏదని ఎవరైనా అడిగితే ఆ రోజునే చెబుతాను.

మేనేజరు తిరిగి వెళ్లబోతుంటే ఆపరేటరు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, సారుకు ఇంకోటి జెప్పు. అమెరికోళ్లు అన్న మాట ఎన్కకు తీస్కోరని నేను గూడ అనుకున్న. మా రూముల గూడ అన్న. అది తప్పు. నేను గూడ వాపసు తీస్కుంటున్న."

చెప్పాను. మేనేజరు నవ్వుతూ చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాడు. పంపుల చప్పుడును మించి, అందరికీ వినబడేలా, మళ్లీ చెప్పాను.